ఉన్నానని చెప్పే కుండ

ఒక మబ్బు మీద ఒక ఊరుంది. ఆ ఊళ్ళో అందరూ కుండలు మోస్తారు.

మబ్బు అంచున బల్లలు వరుసలు వరుసలుగా వేలాడుతుంటాయి. ఒక్కో వరుసనీ నాలుగేసి మోకులతో మబ్బుకి కట్టారు. ఆ బల్లల మీద మోతగాళ్ళు నెత్తిన చుట్టకుదురు, దాని మీద కుండ పెట్టుకుని నిలబడి ఉంటారు. కుండలో నీళ్ళుండవు, జవాబుంటుంది. కింద నేల మీద మనుషులు తలెత్తి ఏదైనా అడిగితే ఆ జవాబున్న కుండ పలుకుతుంది. "బస్సు ఎన్నింటికి?" అని ఒకడు అడుగుతాడు. "పదిన్నరకి" అంటుంది ఒక కుండ. "పెసరట్టులోకి అల్లం ఎంత?" అంటుంది ఒకావిడ. "బొటనవేలంత" అంటుంది ఇంకో కుండ. ఇదంతా ఎలా జరుగుతోందో కిందివాళ్ళకి తెలీదు. మబ్బే చెప్పిందనుకుని తమ దారిన తాము వెళ్ళిపోతారు.

బల్లలకి ఆకలెక్కువ. మోకుల గుండా మబ్బుని కొంచెం కొంచెంగా తాగుతుంటాయి. బల్ల మీద నలభైమంది నిలబడినా అంతే తాగుతుంది, ఒక్కడు నిలబడినా అంతే తాగుతుంది.

మూడేళ్ళ కిందట కింద పెద్ద జాతరొకటి జరిగింది. ప్రశ్నలు వడగళ్ళలా కురిశాయి, కాకపోతే కింద నించి పైకి. అప్పుడు రాజు తూర్పు వైపున మూడు కొత్త వరుసలు కట్టించాడు. జాతర అయిపోయింది. జనం ఇళ్ళకి పోయారు. ప్రశ్నలు పల్చబడ్డాయి. వరుసలు మాత్రం అలాగే ఉండిపోయి మబ్బుని తాగుతూ కూర్చున్నాయి.

మబ్బు కూడా పల్చబడింది. ఒకరోజు దివానుగారు భోజనానికి పీట వేసుకుని కూర్చుంటే, పీటతో సహా నడుం దాకా మబ్బులోకి దిగిపోయారు. "చారు కాస్త వంగి పొయ్యండి" అన్నారాయన, పరువు పోకుండా.

ఇక వరుసలు తీసెయ్యాల్సిందే. కానీ తియ్యడమంటే ఊరందరికీ భయం. మోకు కోశాక వరుస తిరిగి రాదు. ఒకప్పుడు రాజు చెయ్యి చాపి "ఆ చివరిది తీసెయ్యి" అంటే, మోకులు కోసే ముసలాయన తానున్న వైపు నించి చివరిది కోశాడు. రాజున్న వైపు నించి అది మొదటిది. ముప్పై ఆరుమంది మోతగాళ్ళు, ముప్పై ఆరు జవాబులు తేలుకుంటూ ఎటో పోయాయి. కింద ఒక జిల్లా మొత్తానికి ఆ ఏడు ఉప్పు ఎంత వెయ్యాలో తెలీలేదు.

ఆ ముసలాయన తర్వాత మోకుల పని ఆయన మనవరాలికి వచ్చింది. ఊళ్ళో ఆమెని మోకులామె అంటారు. నడుముకి ఎప్పుడూ ఒక కత్తి ఉంటుంది. ఆ ఊళ్ళో మోకుని కొయ్యగలిగిన కత్తి అదొక్కటే, రాజుగారి ఖడ్గం కాకుండా. ఆమె ఇంతవరకూ దాన్ని ఒర నించి తీసింది లేదు. ముళ్ళు బిగించడం, సడలితే మళ్ళీ బిగించడం, పని లేనప్పుడు అంచున కూర్చుని కాళ్ళు వేలాడేసుకుని గాలిని వినడం, ఇదీ ఆమె బతుకు.

గాలిని వినడం అని ఊళ్ళోవాళ్ళు అనుకునేవాళ్ళు. ఆమె వినేది గాలిని కాదు.

తూర్పు మూడో వరుసలో ఒక మనిషున్నాడు. జాతరలో తప్పిపోయినవాళ్ళు బెంగపడి పైకి చూసి "ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవారు. ఆ ప్రశ్నకి ఏ కుండలోనూ జవాబు లేకపోతే, ఒక కుండ కొత్తగా పెట్టించి ఆ మనిషికి ఎత్తారు. ఆ కుండ చెప్పేది ఒక్క మాటే. "ఉన్నాను."

జాతర అయిపోయినా ఆ ప్రశ్న ఆగలేదు. మధ్యాహ్నప్పూట బస్సు షెల్టర్లో ఒంటరిగా కూర్చున్నవాళ్ళు అడుగుతారు. ఇల్లు మారి సామాను ఇంకా విప్పనివాళ్ళు అడుగుతారు. పొయ్యి మీద పాలు పెట్టి ఎందుకు పెట్టారో మర్చిపోయినవాళ్ళు అడుగుతారు. అడిగినప్పుడల్లా తూర్పు నించి మెత్తగా, ఎండలో ఆరేసిన దుప్పటి లాంటి గొంతుతో వినిపిస్తుంది. ఉన్నాను.

మోకులామె ఆ గొంతునే వినేది. మొహం ఎప్పుడూ చూడలేదు. ఆయన నేలవైపు తిరిగి ఉంటాడు. మోతగాళ్ళు ఆయన్ని ఉన్నానాయన అని పిలిచేవారు.

ముసలాయన చేసిన ఆ పొరపాటుతో రాజుకి మనుషుల మీద నమ్మకం పోయింది. కంచరివాళ్ళని పిలిపించి ఒక ఇత్తడి మనిషిని పోత పోయించాడు. చెప్పింది చెప్పినట్టు, చెప్పగానే చేస్తాడు. తినడు, అలగడు, పండక్కి సెలవడగడు. రాజు వాణ్ణి చూసి మురిసిపోయి మొదటి ఆజ్ఞ ఇచ్చాడు.

"ఈ సభలో అక్కర్లేనివన్నీ తీసెయ్యి."

ఇత్తడి మనిషి పందిరి తీసేశాడు. వింజామర తీసేశాడు. దివానుగారి కుర్చీ తీసేశాడు, దివానుగారు అందులో ఉండగానే. ఆ తర్వాత ఆయన మీసంలో ఎడమవైపు సగం తీసేశాడు. గుర్తుపట్టడానికి కుడిసగం చాలు కదా అన్నాడు. చివరికి కిరీటం వైపు చూశాడు. రాజు రెండు చేతులతో కిరీటం పట్టుకుని మోకులామెకి కబురు పంపాడు.

"ఏమ్మా, వీడికి కాస్త పని నేర్పు. పని బాగా చేస్తాడు. ఎక్కడ ఆగాలో తెలీదు, అంతే."

ఆమె వాణ్ణి అంచుకి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. ఇత్తడి కాళ్ళు వేలాడేసుకుంటే కింద గంట మోగినట్టు మోగింది.

"చూడు నాయనా," అంది.

"నాయనా అంటే ఏం చెయ్యాలి?"

"ఏం చెయ్యక్కర్లేదు. పిలుపు అది. విను. వరుస తీసెయ్యమంటే ఏం చేస్తావు?"

"మోకు కోస్తాను."

"ఏ వరుసది?"

"చెప్పిన వరుసది."

"చివరిది తియ్యమన్నారనుకో."

"చివరిది తీస్తాను."

"ఏ వైపు నించి చివరిది?"

ఇత్తడి మనిషి ఆలోచించాడు. ఆలోచించినకొద్దీ వేడెక్కాడు. ఆమె కాస్త దూరం జరిగింది.

"అందుకే," అంది, "కత్తి నా దగ్గరుంటుంది. మిగతాదంతా నువ్వే చెయ్యి. ముందు వరుస మొదట్లో తాటాకు కట్టు, ఇంక కొత్తవాళ్ళెవరూ ఎక్కకుండా. తర్వాత ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని పాత వరుసలోకి తీసుకెళ్ళు. అక్కడ వాళ్ళ కుండ ఒక్కసారి పలికాకే రెండోవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి. అందరూ అయ్యాక ఈ కొస నించి ఆ కొసకి నడిచి చూడు. అప్పుడు నా దగ్గరికొచ్చి వరుస పూర్తి పేరు చెప్పు, ఇంకా ఎవరు మిగిలారో చెప్పు. ఎవరూ లేరు అని నీ నోటితో విన్నాక కత్తి ఇస్తాను."

"నాకు కళ్ళున్నాయి కదా. నేను చూసి కొయ్యొచ్చు కదా."

"మా తాతకీ ఉన్నాయి కళ్ళు," అందామె.

తూర్పు మొదటి వరుస ఒక పూటలో అయిపోయింది. ఒక ముసలామె కుండ పలకడం మాత్రం ఆలస్యమైంది. ఆమె జవాబు ఆవకాయ పెట్టే విధానం, పూర్తయ్యేసరికి ఎండ దిగింది. ఇత్తడి మనిషి చివరిదాకా చెయ్యి పట్టుకునే నిలబడ్డాడు. అప్పుడొచ్చి చెప్పాడు. "తూర్పు మొదటి వరుస. మిగిలింది ఎవరూ లేరు." ఆమె ఒర నించి కత్తి తీసి ఇచ్చింది. ఖాళీ బల్లలు విమానంలా తేలిపోయాయి.

తూర్పు రెండో వరుస దగ్గర వాడొచ్చి అన్నాడు. "తూర్పు రెండో వరుస. మిగిలింది ఒక చెప్పు."

"ఎవరిది?"

"తెలీదు."

"కనుక్కో మరి."

వాడు ఆ ఎడమకాలి చెప్పు పట్టుకుని ఊరంతా తిరిగి, ప్రతి కాలికీ తొడిగి చూశాడు. రెండో రోజు సాయంత్రానికి ఆ కాలు దొరికింది. దివానుగారిది. ఆయన అక్కడికి ఎందుకెళ్ళారో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. వరుస తేలిపోయింది.

ఒక చెప్పు కోసం రెండు రోజులా అని రాజు విసుక్కున్నాడు. మబ్బు అప్పటికే మోతగాళ్ళ చీలమండల దాకా జారింది. వంటశాల ఒక పక్కకి ఒరిగి, ఇడ్లీలన్నీ ఏటవాలుగా ఉడుకుతున్నాయి.

మూడో వరుస మిగిలింది.

ఇత్తడి మనిషి తాటాకు కట్టాడు. ముప్పై తొమ్మిదిమందిని ఒక్కొక్కరుగా దాటించాడు. మధ్యాహ్నానికి మోకులామె ముందుకొచ్చి నిలబడ్డాడు.

"తూర్పు మూడో వరుస. మిగిలింది ఒకరు."

"ఆయన్నీ తీసుకురా."

"రారు."

"ఎందుకని?"

"రాయి ఒప్పుకోదు."

రాయంటే రాజు చెక్కించిన శాసనం. జాతర రోజుల్లో, ఆ ఉన్నాను అన్న మాట విని రాజు కూడా కళ్ళు తుడుచుకుని, అప్పటికప్పుడు చెక్కించాడు. ఈ జవాబు ఒక్క క్షణం కూడా ఆగకూడదు, ఎప్పుడూ కనీసం ఒక్కరైనా ఈ కుండతో బల్ల మీద నిలబడి ఉండాలి అని. కనీసం ఒక్కరు అన్నారు కదా అని దివానుగారు సరిగ్గా ఒక్కణ్ణే పెట్టారు. రెండోవాణ్ణి పెట్టాలని ఎవరికీ తోచలేదు. ఇప్పుడు ఆ ఒక్కడు కదిలితే దారిలో ఉన్నంతసేపూ ఒక్కడూ ఉండడు. కాబట్టి ఆ ఒక్కడు కదలకూడదు. కదలకపోతే వరుస తియ్యకూడదు. తియ్యకపోతే మబ్బు మిగలదు.

ఇత్తడి మనిషి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. "మిగిలింది ఒకరు." మళ్ళీ వెళ్ళాడు. మళ్ళీ వచ్చాడు. "ఒకరు." ఆ పూట ఇరవై ఏడుసార్లు తిరిగాడు. అలసట లేదు కాబట్టి మొహం మారలేదు. చూసేవాళ్ళకే కాళ్ళు పీకాయి.

రాజు ఆమెని పిలిపించాడు.

"ఏమిటమ్మా ఈ తతంగం? ఒక్కడే కదా."

"ఒక్కరేనండి."

"ఒక్కడి కోసం ఊరంతా కింద పడమంటావా?"

రాజు అన్నది నిజమే. ఆ క్షణంలోనే సభ ఇంకో జానెడు దిగింది. అందరూ ఏమీ జరగనట్టు కాళ్ళు పైకి లాక్కున్నారు.

"శాసనం మీదే కదండీ," అందామె మెల్లగా. "దాన్ని చెరిపించండి పోనీ."

"చెరిపించొచ్చు," అన్నాడు రాజు. "కానీ నేను చెక్కించింది నేనే చెరిపిస్తే రేపు నా మాటకి విలువేముంది? రాయి ఉంటుంది. వరుస పోతుంది. వాడి సంగతి వాడు చూసుకుంటాడు." అని తన ఖడ్గం తీసి ఇత్తడి మనిషి చేతిలో పెట్టాడు. "ఇంక ఆవిణ్ణి కత్తి అడగక్కర్లేదు. సభ మీది ధ్వజం నీడ మూడో వరుస ముడి మీద పడగానే కోసెయ్యి."

"అలాగే," అన్నాడు ఇత్తడి మనిషి.

వాడు వెళ్ళి ముడి దగ్గర నిలబడ్డాడు. కాసేపు నిలబడి, మళ్ళీ నడుచుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

"తూర్పు మూడో వరుస. మిగిలింది ఒకరు."

"కత్తి నీ చేతిలోనే ఉందిగా. మళ్ళీ నన్నెందుకు అడుగుతావు?"

"అడగమని మీరు చెప్పారు. అడగక్కర్లేదని రాజుగారు చెప్పారు. అక్కర్లేదన్నారు గానీ వద్దనలేదు."

"మరి నేను వద్దంటే?"

"నీడ పడేదాకా ఆగుతాను. పడ్డాక ఆయన మాట."

నీడ ముడికి ఇంకా పది బారల దూరంలో ఉంది.

మోకులామె చీర కుచ్చెళ్ళు దోపుకుని అంచు వెంట పరుగెత్తింది. మూడో వరుస ఎదురుగా ఆగింది. ఖాళీ బల్లల చివర ఒకే ఒక్క మనిషి, అటు తిరిగి ఉన్నాడు. వీపు మీద చెమట ఆరి తెల్లగా చారలు కట్టింది.

"ఏమండీ."

ఆయన తిరగలేదు. తిరిగితే కుండ కదులుతుంది. "చెప్పండి," అన్నాడు.

"మోకు కోసేస్తారట. కుండ దించి ఇటు పరుగెత్తుకొచ్చెయ్యండి."

"దించితే అడిగినవాళ్ళకి ఎవరు చెబుతారు?"

"ఒక్క నిమిషమే కదండీ."

"నాకూ అలాగే అనిపిస్తుంది," అన్నాడాయన. "ఒక్క నిమిషం దించి మెడ తిప్పుకుందామని. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు..."

కింద నించి సన్నగా వినిపించింది. ఆడమనిషి గొంతు. ఎక్కడో గది తాళం తీసి లోపలికెళ్ళి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడి అడిగినట్టుంది. ఎవరైనా ఉన్నారా?

"ఉన్నాను," అంది కుండ.

మోకులామె అంచుకి ఇంకో అడుగు దగ్గరికి జరిగింది.

"పడిపోతానని భయం లేదాండీ?" అంది.

"ఉంది. మీరెవరో గానీ మాట్లాడించారు, కాస్త తగ్గింది."

ఆమె వెనక్కి తిరిగింది. ఈసారి ఇంకా వేగంగా పరుగెత్తింది. కుండల కొట్లోంచి ఒక ఖాళీ కుండ పట్టుకుని పాత వరుస దగ్గరికొచ్చింది. మోతగాళ్ళందరూ అక్కడే ఉన్నారు, ఒకరి భుజం ఒకరికి ఆనుకుని.

"ఇంకొకరు ఉన్నాను కుండ ఎత్తుకుంటే చాలు. ఇద్దరైతే రాయి అడ్డురాదు. ఎవరైనా రండి."

మోతగాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు, కుండలు కదలకుండా, కళ్ళతోనే.

"నాకు మెడ పట్టేసింది తల్లీ," అన్నాడు బస్సు వేళల మనిషి.

"మేం వేళకి వచ్చి పోయే జవాబులవాళ్ళం," అంది పెసరట్టు కుండ మోసే ఆవిడ. "రాత్రయితే మమ్మల్ని ఎవరడుగుతారు? ఆ కుండకి పొద్దూ పాడూ లేదు వదినా. ఎత్తుకున్నవాడు మళ్ళీ దించగా చూశావా ఎప్పుడైనా?"

"అల్లం ఎంతో తెలిస్తే అల్లం కుండ పలుకుతుంది," అన్నాడింకొకడు. "ఆ కుండకి ఏం తెలిసుండాలి చెప్పు. అక్కడ నిజంగా ఉండాలి. నేను నిలబడ్డానన్నమాటే గానీ, నా మనసెప్పుడూ మా అత్తారింట్లో ఉంటుంది."

ఎవరూ ముందుకి రాలేదు.

నీడ నాలుగు బారలకొచ్చింది. మోకులామె తన పైటకొంగు చుట్టి చుట్టకుదురు చేసుకుంది. కుండ తనే ఎత్తుకుంది. పాత వరుస చివరి బల్ల మీద కాళ్ళు ఆనించి నిలబడింది. ఖాళీ కుండే, అయినా మెడ భుజాల్లోకి దిగిపోయినంత బరువుగా ఉంది.

ఇత్తడి మనిషి ఖడ్గంతో సహా వచ్చి చూశాడు.

"మీరు ఇంకా నిలబడ్డట్టు కాదు," అన్నాడు. "కొత్త కుండ ఒక్కసారి పలికితేనే నిలబడ్డట్టని మీరే నేర్పారు."

"అయితే నువ్వడుగు."

"ఎవరైనా ఉన్నారా," అన్నాడు ఇత్తడి మనిషి.

కుండ పలకలేదు. వాడికి ఎవరూ అక్కర్లేదు. పలుకుతుందో లేదో చూడ్డానికి అడిగాడంతే.

దివానుగారు వచ్చారు, సగం మీసం చేత్తో కప్పుకుని. "నేనడుగుతానుండు. ఎవరైనా ఉన్నారా?" అన్నారు గొంతు సవరించుకుని. కుండ పలకలేదు. ఆయన చుట్టూ పన్నెండుమంది నౌకర్లున్నారు.

కింద నించి అడిగేవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. కానీ ప్రతి ప్రశ్నకీ మూడో వరుస నించి ఆయనే ముందు చెప్పేస్తున్నాడు. మూడేళ్ళ అలవాటు. ఆమె పెదవి విప్పేలోపే ఉన్నాను అనేస్తున్నాడు. ఆయన మానేస్తే గానీ ఈమె పలకదు. ఈమె పలికితే గానీ ఆయన మానడు.

నీడ ముడికి బారెడు దూరంలో ఉంది. జానెడు. ఇత్తడి మనిషి వెళ్ళి ముడి పక్కన నిలబడ్డాడు. ఖడ్గం ఎత్తాడు.

మోకులామెకి కన్నీళ్ళొచ్చాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీగా లేవు. తను నిజంగా ఇక్కడే ఉన్నానా అని తనని తనే ప్రశ్నించుకుంది. అక్కడ ఆ బల్ల చివర కదా ఉంది మనసంతా. అందుకే పలకడం లేదేమో అనుకుంది.

అప్పుడు మూడో వరుస నించి ఒక ప్రశ్న వచ్చింది. నేల మీదివాళ్ళది కాదు. మూడేళ్ళుగా జవాబు మాత్రమే చెప్పిన గొంతు, ప్రశ్న ఎలా అడగాలో సరిగ్గా తెలీని గొంతు.

"ఎవరైనా... ఉన్నారా?"

"ఉన్నాను," అంది కుండ. లేక ఆమే అందో. అక్కడున్న మోతగాళ్ళని అడిగితే కొందరు అలా, కొందరు ఇలా చెబుతారు.

"ఇప్పుడు ఇద్దరు," అన్నాడు ఇత్తడి మనిషి, ఖడ్గం కింద పెట్టి. "రాయి ఒప్పుకుంటుంది."

వెళ్ళి ఉన్నానాయన చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి కిందికి దిగలేదు, మూడేళ్ళు పైనే ఉండి అలాగే బిగుసుకుపోయింది. కుండతోనే నడిపించాల్సొచ్చింది. రెండు వరుసల మధ్య వేసిన వంతెన బల్ల మీద సగం దూరం వచ్చేసరికి కింద నించి ఎవరో అడిగారు. ఆయన ఆగిపోయాడు, నోరు తెరిచాడు. అటు నించి ఆమె చెప్పేసింది. ఆయన వింటూ అక్కడే నిలబడిపోయాడు. తను చెప్పే మాట బయట నించి వింటే ఎలా ఉంటుందో ఆయనకి అంతవరకూ తెలీదు.

"నడవండి," అన్నాడు ఇత్తడి మనిషి. "నీడ పడుతోంది."

ఆయన పాత వరుసలో కాలు పెట్టాడు. ఆయన కుండ ఒకసారి పలికింది. ఇత్తడి మనిషి వెనక్కి వెళ్ళి మూడో వరుసని ఈ కొస నించి ఆ కొసకి నడిచి చూశాడు. నీడ ముడి మీద పడింది. అయినా వాడు గబగబా నడుచుకుంటూ ఆమె దగ్గరికే వచ్చాడు.

"తూర్పు మూడో వరుస. మిగిలింది ఎవరూ లేరు."

"కత్తి నడుముకుంది. నువ్వే తీసుకో," అందామె.

వాడు రాజుగారి ఖడ్గాన్ని మబ్బు మీద అలాగే వదిలేసి, ఆమె కత్తితో నాలుగు మోకులూ కోశాడు. బల్లలు వెలితిగా, తేలిగ్గా, ఎవరినీ తీసుకెళ్ళకుండా వెళ్ళిపోయాయి. మబ్బు ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. వంటశాల నిటారుగా లేచింది. ఇడ్లీలు గుండ్రబడ్డాయి. పోయిందనుకున్న దివానుగారి పీట ఆయన కాళ్ళ పక్కనే పైకి తేలింది.

పాత వరుస చివర ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డారు. ఇద్దరి చేతులూ కుండల మీదున్నాయి.

"మీ మొహం ఇన్నాళ్ళూ చూడలేదండీ," అందామె, నేలవైపే చూస్తూ.

"నేను మీ కాళ్ళు చూశాను," అన్నాడాయన. "పక్కగా, కంటి కొసన వేలాడుతుండేవి. ఎవరివో అనుకునేవాణ్ణి. అవి కనపడని రోజు గొంతు కాస్త బొంగురుపోయేది."

ఆ సాయంత్రం ఆయన మొదటిసారి కుండ దించాడు. ఆమె నిలబడి ఉండగా ఆయన వెళ్ళి మెడ తిప్పుకుని, మొహం కడుక్కుని, రెండు ఇడ్లీలు తిని వచ్చాడు. తర్వాత ఆమె దించింది. ఇద్దరూ కలిసి ఎటూ వెళ్ళలేరు, రాయి ఒప్పుకోదు. కానీ ఒకరు వెళ్ళొచ్చి చూసినదంతా రెండోవారికి చెప్పేవారు. అలా ఇద్దరూ ఊరంతా తిరిగారు, సగం సగం.

కొన్నాళ్ళకి రాజు ఈ సంగతి గమనించాడు.

"ఒక్క మాట చెప్పడానికి ఇద్దరెందుకు?" అన్నాడు. "రాయి మీద కనీసం ఒక్కరనే ఉంది. ఆ రెండోవాళ్ళని తీసెయ్యి."

"అలాగే," అన్నాడు ఇత్తడి మనిషి.

వాడు పాత వరుస చివరికి వెళ్ళాడు. ముందు ఆమె దగ్గర ఆగాడు.

"మీలో రెండోవాళ్ళు ఎవరు?"

మోకులామె పక్కకి చూడలేదు. "నేనే," అంది. "ఆయన మూడేళ్ళ ముందు నించే ఉన్నారు. నేను తర్వాత వచ్చాను."

వాడు ఆయన దగ్గరికి జరిగాడు. తనకి నేర్పినట్టే ఆ కొస నించి కూడా చూడాలి కదా. "మీలో రెండోవాళ్ళు ఎవరు?"

"నేనే," అన్నాడాయన. "ఈ వరుసలో ముందు నిలబడింది ఆవిడ. నేను తర్వాత వచ్చాను."

ఇత్తడి మనిషి చాలాసేపు ఆలోచించాడు. వాడి వేడికి పక్కన మబ్బు కరిగి, కింద ఎక్కడో నాలుగు చినుకులు పడ్డాయి. వాడు సభకి తిరిగొచ్చాడు.

"రెండోవాళ్ళు ఇద్దరున్నారు," అన్నాడు. "ఇద్దర్నీ తీస్తే ఎవరూ మిగలరు. రాయి ఒప్పుకోదు."

"అదేమిట్రా," అన్నాడు రాజు. "మొదటివాళ్ళొకరు ఉంటారుగా. వాళ్ళని ఉంచు."

"అక్కడ మొదటివాళ్ళు లేరండి."

రాజు సింహాసనం మీద ముందుకి వంగాడు. వెనక్కి వాలాడు. దివానుగారి వైపు చూశాడు. దివానుగారు నేల చూశారు.

"సరే," అన్నాడు రాజు చివరికి. "మొదటివాళ్ళు దొరికేదాకా ఆగు."

ఇత్తడి మనిషి అలాగే అన్నాడు. వెళ్ళి పాత వరుస చివర, వాళ్ళిద్దరి పక్కనే నిలబడ్డాడు. ఆ దారిన ఎవరొచ్చినా మీరు మొదటివాళ్ళా అని మర్యాదగా అడుగుతున్నాడు. ఇంతవరకూ అవునన్నవాళ్ళు చాలామందే వచ్చారు గానీ, వాళ్ళెవరూ కుండ ఎత్తుకోమంటే ఎత్తుకోలేదు.